నోటిపూత – క్యాన్సరు చికిత్సలో శుశ్రూష
(సమితి వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పాటలకు, పద్యములకు, నాటకములకు నెలవైన ఈ వేదికపై రోగిశుశ్రూషను గూర్చి మాటలాడుమని నన్ను ఆహ్వానించిన కార్యవర్గము వారికి నా కృతజ్ఞతలు. నేను పండితురాలను కాను. ముప్పది సంవత్సరములు ఆసుపత్రి వార్డులలో నర్సుగా పనిచేసిన దానను. కావున నాకు తెలిసిన ఒక్క విషయమును, మీ ఇండ్లలో ఎప్పుడైనను అక్కరకు రాగల విషయమును, విన్నవించుకొందును. అది క్యాన్సరు చికిత్స పొందువారికి వచ్చు నోటిపూత.

“ప్రాణము మీదికి వచ్చిన రోగమునకు చికిత్స జరుగుచుండగా నోటిపూత ఒక లెక్కా?” అని మీరు అనవచ్చును. లెక్కయే. మనిషి తినుటయు, త్రాగుటయు, మాటలాడుటయు నోటితోనే. నోరు పూచినవాడు అన్నము మానును. అన్నము మానినవాడు నీరసించును. నీరసించినవాడు “ఇక నాకు ఈ చికిత్స వలదు” అని ఇంటికి పోవును. కిరణ చికిత్స మధ్యలో ఆగినచో రోగము తిరిగి పుంజుకొనుటకు అవకాశము కలుగును. తల, మెడ భాగముల క్యాన్సరులో చికిత్స ఒక్కొక్క దినము పొడిగిన కొలది రోగము అదుపులోనికి వచ్చు అవకాశము నూటికి ఒకటి చొప్పున, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువగా, తగ్గునని వైద్యులు లెక్కగట్టినారు. అనగా నోటిని కాపాడుట చికిత్సలో ఒక భాగమే కాని, పైపై ఉపచారము కాదు.

ఈ నోటిపూత ఏల వచ్చును? మన నోటి లోపలి పొర మిక్కిలి పలుచనిది. అన్నము, కారము, వేడి తగిలి అది నిత్యము అరుగుచునే యుండును. అరిగిన దానికి బదులు అడుగునుండి క్రొత్త కణములు పుట్టుచుండును. రమారమి ఒకటి రెండు వారములలో ఆ పొర యంతయు క్రొత్తదగును. క్యాన్సరు కణముల లక్షణమును త్వరత్వరగా పెరుగుటయే. త్వరగా పెరుగు కణములను చంపుటకు ఇచ్చు మందులకు, వ్రణపు కణమేదో నోటిపొర కణమేదో విడదీసి చూచు నేర్పు లేదు. రెండింటిని దెబ్బతీయును. క్రొత్త కణములు పుట్టక, పాతవి అరిగిపోయి, పొర పలుచనై, ఎఱ్ఱబారి, చివరకు పుండ్లు పడును. కణములు చచ్చుటకు ముందే అడుగు పొరలలో వాపునకు కారణమగు పదార్థములు పుట్టి ఈ నష్టమును పెంచునని ఇటీవలి పరిశోధనలు తెలిపినవి.

ఇచ్చట తెలుగువారు తెలిసికొనదగిన సంగతి యొకటి కలదు. 1895లో భీమవరములో జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీరందరును విన్నదే. యౌవనమున ఆయనకు స్ప్రూ అను వ్యాధి సోకినది. విరేచనములు, నీరసము, నాలుక పూత దాని లక్షణములు. ఆయన సోదరులిద్దరు ఆ వ్యాధితోనే మరణించిరి. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకొనిరి. పిదప అమెరికాకు పోయి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయనయు, ఆయన సహచరులును ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. స్ప్రూ రోగుల నాలుకపూతను, రక్తహీనతను మాన్పుటలో అది అక్కరకు వచ్చినది. ఆ ఫోలిక్ ఆమ్లపు పనిని అడ్డగించు మందులను కూడ ఆ బృందమే తయారుచేసినది. వానిలో ఒకటియగు అమినోప్టెరిన్‌ను బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, కొందరిలో రోగము కొంతకాలము అణగినదని 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావుగారు దివంగతులైరి. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ఫోలిక్ ఆమ్లము నోటిపూతను మాన్పును. దానిని అడ్డగించు మందు నోటిపూతను తెచ్చును. క్యాన్సరు మందులతో పాటు నోటిపూతయు ఆదినుండి వచ్చుచునే యున్నది.

ఈ బాధ అందరికిని ఒకే తీరున రాదు. సిరలలోనికి ఎక్కించు మందుల వలన నూటికి ఇరువది మొదలు నలువది మందికి నోరు పూచును. ఫ్లోరోయురాసిల్, మెథోట్రెక్సేటు, డాక్సోరూబిసిన్, మెల్ఫలాన్ అను మందులు దీనికి పేరుపడినవి. మందు ఎక్కించిన పిదప అయిదు మొదలు పది దినముల లోపల పూత కనబడి, రెండు మూడు వారములలో మానును. బుగ్గల లోపలి భాగము, పెదవుల లోపలి భాగము, నాలుక ప్రక్కలు, నాలుక క్రింది భాగము, మెత్తని అంగిలి — సామాన్యముగా పుండ్లు పడు చోట్లు ఇవి.

తలకు, మెడకు కిరణ చికిత్స పొందువారి సంగతి వేరు. సామాన్యముగా దినమునకు 2 గ్రే చొప్పున, వారమునకు అయిదు దినములు, ఆరేడు వారములలో 60 మొదలు 70 గ్రేల వరకు కిరణములు ఇత్తురు. రెండవ వారమున నోరు ఎఱ్ఱబారును. మూడవ వారమున పుండ్లు పడును. చికిత్స ముగిసిన పిమ్మట కూడ రెండు మొదలు నాలుగు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలము, ఆ బాధ నిలుచును. వీరిలో పూత రానివారు అరుదు. పైగా లాలాజల గ్రంథులు దెబ్బతినుటచే నోరు ఎండి, ఉమ్మి జిగటగా తీగలు సాగును. “చికిత్స అయిపోయినది గదా, ఇంకను మంట తగ్గదేమి?” అని రోగి దిగులుపడును. ఇది ఇట్లే యుండునని ముందుగా చెప్పియుంచినచో ఆ దిగులులో సగము తీరును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు ఈ పూతను మెట్లుగా విభజించిరి. మొదటి మెట్టున నోరు ఎఱ్ఱబారి నొప్పి యుండును. రెండవ మెట్టున పుండ్లున్నను గట్టి ఆహారము తినగలరు. మూడవ మెట్టున జావ, పాలు మాత్రమే దిగును. నాలుగవ మెట్టున నోటిద్వారా ఆహారము సాగదు. చూడుడు, ఈ కొలత పుండు ఎంత పెద్దదను దానిపైననే కాక, మనిషి ఏమి తినగలుగుచున్నాడను దానిపై ఆధారపడినది. కావున ఇంటిలో వడ్డించు ఇల్లాలే దీనిని మొదట కనిపెట్టగలదు.

ఇక శుశ్రూష. ఇది చికిత్సకు ముందే మొదలు కావలెను. పుచ్చిన పన్ను, కదలుచున్న పన్ను, చిగుళ్ల చీము — వీనిని దంతవైద్యునికి చూపవలెను. తీయవలసిన పన్నును కిరణ చికిత్సకు కనీసము పది పదునాలుగు దినములు ముందుగా తీయించినచో గాయము మానును. కిరణములు పడిన దవడనుండి పిదప పన్ను తీసినచో ఎముక మానక కుళ్లు ప్రమాదము కలదు. పన్ను వాడిగానుండి నాలుకను గీయుచున్నచో దానిని నునుపు చేయించవలెను. కట్టుడు పండ్లవారు వానిని రాత్రులందు తీసియుంచవలెను. నోరు పూచిన పిమ్మట భోజన సమయమున తప్ప ధరింపరాదు.

చికిత్స మొదలైన దినమునుండి దినమునకు ఒకసారి నోటిని చూడవలెను. చేతులు సబ్బుతో కడిగికొని, చిన్న టార్చిదీపము వెలుగులో పెదవులు, బుగ్గలు, నాలుక పైన, క్రింద, ప్రక్కలు, అంగిలి క్రమముగా చూడవలెను. నిన్న లేనిది నేడు ఏమి కనబడినదో ఒక కాగితముపై తేదీతో వ్రాసి, వారమునకు ఒకసారి తూకమును వ్రాసి, వైద్యునికి చూపవలెను. మీరందరును కార్యాలయములలో ఫైళ్లు నడుపువారే; ఈ ఫైలు నడుపుట మీకు కష్టము కాదు.

నోటిని శుభ్రముగా నుంచుట అన్నింటికంటె ముఖ్యము. మిక్కిలి మెత్తని బ్రష్షును గోరువెచ్చని నీటిలో ముంచి మరింత మెత్తపరచి, దినమునకు రెండుసార్లు తోముకొనవలెను. వేపపుల్ల, బొగ్గు, ఉప్పుగల్లు, కరకర పండ్లపొడి ఈ కాలమున పనికిరావు. ఘాటైన పేస్టు మంట పుట్టించినచో ఘాటు లేని ఫ్లోరైడు పేస్టు వాడవలెను. రక్తములో ప్లేట్‌లెట్లు తగ్గి చిగుళ్లనుండి రక్తము కారుచున్నచో వైద్యుని అడిగి, బ్రష్షు మాని, ఉప్పునీటిలో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డతో తుడువవలెను.

పుక్కిలించుటకు మందుల దుకాణమునకు పరుగెత్త నక్కరలేదు. కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా తినుసోడా కలుపవలెను. చెంచా యనగా టీచెంచా. తినుసోడా అనగా ఇడ్లీపిండిలో, బజ్జీలలో వేయునది. బట్టలుతుకు చాకలిసోడా ఎంతమాత్రము కాదు. ఈ నీటిని ఏ దినమున కా దినమే తయారుచేసి, మిగిలినది పారబోయవలెను. భోజనమునకు ముందు, తరువాత, నడుమ రెండు మూడు గంటల కొకసారి, రాత్రి మెలకువ వచ్చినప్పుడు, అర నిమిషము నోటిలో త్రిప్పి ఉమ్మివేయవలెను. ఇది పుండును తక్షణము మాన్పు మంత్రము కాదు. కాని జిగటను కరగించును, పులుపును విరుచును, క్రొత్త పొర పెరుగుటకు నోటిని తగిన స్థితిలో నుంచును.

సారాయి కలిసిన ఘాటైన మౌత్‌వాష్‌లు మంట పెట్టి, నోటిని ఎండగట్టును. పాత శుశ్రూషా గ్రంథములలో చెప్పిన గ్లిసరిను–నిమ్మరసపు పూత నేడు విడిచిపెట్టబడినది. గ్లిసరిను తేమను లాగును, నిమ్మరసము పుండును మండించును. క్లోర్‌హెక్సిడీన్‌ను కిరణ చికిత్సలో పూత రాకుండ వాడవలదని నేటి అంతర్జాతీయ నిపుణుల సూచన. దంతవైద్యుడు వేరొక కారణమునకు వ్రాసినచో అది వేరు. మితమైన కిరణ చికిత్స పొందువారికి బెంజిడమీన్ అను పుక్కిలింపు మందు పనికివచ్చునని వారే చెప్పిరి. తక్కువ శక్తిగల లేజరు కాంతిని నోటిలోపల ప్రసరింపజేయు పద్ధతియు కొన్ని ఆసుపత్రులలో కలదు. ఇవి వైద్యుని అడిగి పొందవలసినవి.

ఇంకొక సులభోపాయము మంచుముక్క. ఫ్లోరోయురాసిల్‌ను ఒక్కసారిగా సిరలోనికి ఇచ్చునపుడు, మందుకు అయిదు నిమిషములు ముందు మొదలుపెట్టి అరగంట సేపు నోటిలో మంచుముక్కలు త్రిప్పుచుండినచో, చల్లదనమునకు రక్తనాళములు ముడుచుకొని నోటికి చేరు మందు తగ్గును; పూతయు తగ్గును. హెచ్చు మోతాదు మెల్ఫలాన్ ఇచ్చునపుడును ఇది ఉపకరించును. అయితే ఆక్సాలిప్లాటిన్ అను మందు తీసికొనువారికి చల్లదనము గిట్టదు. వారు మంచు ముట్టరాదు. అందుచేత ప్రక్కమంచము వారిని చూచి మనమును చేయుట కూడదు. మన మందు పేరు నర్సును అడిగి తెలిసికొనవలెను.

ఆహారము సంగతి ఇంటివారికి పెద్ద పరీక్ష. మన తెలుగు భోజనమునకు ప్రాణము కారము, పులుపు. ఆవకాయ, గోంగూర, చింతపండు చారు, మిరపకాయ బజ్జి — ఈ కాలమున ఇవన్నియు పుండుపై నిప్పు. నాలుకకు రుచి తెలియుటలేదని రోగియే ఊరగాయ అడుగును, పెట్టవలదు. వేడి వేడిగా ఏమియు ఈయరాదు. గోరువెచ్చగా గాని, చల్లగా గాని ఈయవలెను. మెత్తగా వండి మెదిపిన పప్పన్నములో నేయి, పులియని పెరుగుతో కలిపిన మెత్తని అన్నము, పాలలో నానిన ఇడ్లీ, రాగిజావ, సగ్గుబియ్యపు పాయసము, బాగుగా ఉడికించి పాలలో చిదిపిన గ్రుడ్డు — ఇవి దిగును. పచ్చి గ్రుడ్డు కూడదు. గంజినీరు, బార్లీనీరు దాహమునకు మంచివే కాని వానితోనే బలము రాదు. గాయము మానుటకు మాంసకృత్తులు కావలెను. క్యాన్సరు రోగికి కిలో బరువునకు దినమునకు ఒకటి మొదలు ఒకటిన్నర గ్రాముల వరకు అవసరము. కావున జావలో పాలు, పప్పుకట్టు, వేరుసెనగ పిండి కలిపి చిక్కగా చేయవలెను. ముప్పూటల పెద్ద భోజనమునకు బదులు రెండేసి గంటలకు గిన్నెడు చాలును.

ఎంత చేసినను దిగనప్పుడు వైద్యులు ముక్కునుండి కడుపులోనికి సన్నని గొట్టము వేయుదురు. దానిని చూచి ఇంటివారు “ఇక ఆశ లేదేమో” అని ఏడ్చుట నేను పలుమారులు చూచితిని. అది ఆశ లేనందున వేయు గొట్టము కాదు. చికిత్స ఆగకుండ సాగుటకు వేయు గొట్టము. నోరు మానిన తరువాత తీసివేయుదురు.

ఒక సంగతి చెప్పెదను. విజయనగరము ప్రాంతమునుండి వచ్చిన ఒక రైల్వే ఉద్యోగి నా వార్డులో కిరణ చికిత్స పొందుచుండెను. మితభాషి. వైద్యులు “ఎట్లున్నది?” అని అడిగినప్పుడెల్ల చేయి యెత్తి “బాగున్నది” అని సైగ చేయువాడు. నాలుగవ వారమున తూకము చూడగా యాబది యెనిమిది కిలోలనుండి యాబది రెండుకు దిగెను. ఆయన భార్యను ప్రక్కకు పిలిచి అడిగితిని. “అన్నము క్యారియరు ఖాళీగానే వచ్చుచున్నదమ్మా, కాని ఆయన తినుటలేదు, నేను బాధపడుదునని కుక్కలకు పెట్టుచున్నాడు” అని ఆమె కన్నీరు పెట్టుకొనెను. ఆమెకు తెలిసినదని ఆయనకు తెలియదు. ఆనాడే నొప్పికి మందు, ముక్కుకు గొట్టము ఏర్పాటైనవి. చికిత్స ఒక్క దినమైనను ఆగక పూర్తియైనది. మగవాడు నొప్పియని చెప్పుకొనరాదను అభిమానము, ఇంటివారిని కష్టపెట్టరాదను ప్రేమ — ఈ రెండును కలిసి మనిషిని ఆకలితో మాడ్చును.

కావున నొప్పిని గూర్చి నిక్కచ్చిగా చెప్పవలెను. సున్నా నుండి పది వరకు లెక్కలో మీ నొప్పి ఎంత అని మేము అడుగుట వేడుకకు కాదు; దానినిబట్టి మందు మారును. నోటిని తిమ్మిరెక్కించు లిడొకేన్ మందును భోజనమునకు కొంచెము ముందు వాడవచ్చును; కాని తిమ్మిరిలో బుగ్గ కొరికికొనుట, వేడి తెలియక కాలుట, మెతుకు పొలమారుట జరుగవచ్చును గాన జాగ్రత్త అవసరము. ఆస్పిరిన్ వంటి మాత్రలు స్వంతముగా మ్రింగరాదు, రక్తస్రావము హెచ్చును. తీవ్రమైన నొప్పికి మార్ఫీను కావలసివచ్చును. ఆ పేరు వినగానే “అలవాటుపడును” అని భయపడుదురు. నొప్పికి సరిపడు మోతాదులో, వైద్యుని పర్యవేక్షణలో ఇచ్చినప్పుడు ఆ భయము మిక్కిలి స్వల్పము. నల్లమందు పండించు దేశములలో మనది యొకటియైనను, 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము పిదప ఆసుపత్రులకు మార్ఫీను దొరకుట కష్టమయ్యెను. 2014లో ఆ చట్టమును సవరించి అనుమతుల పద్ధతిని సులభము చేసిరి. చట్టము సడలినను మన భయము సడలనిచో రోగికి లాభమేమి? మార్ఫీను వలన మలబద్ధకము కలుగును. దానికి మందు వెంటనే మొదలుపెట్టవలెను.

ఏ లక్షణములు కనబడినచో రాత్రియైనను ఆసుపత్రికి పోవలెనో చెప్పెదను. జ్వరము 38 డిగ్రీల సెల్సియస్, అనగా 100.4 డిగ్రీల ఫారన్‌హీటు దాటుట మొదటిది. మందు ఎక్కించిన ఏడు మొదలు పదునాలుగు దినములలో తెల్లకణములు మిక్కిలి తగ్గును; అప్పుడు పుండ్లు పడిన నోరు సూక్ష్మజీవులకు తెరచిన తలుపు వంటిది. జ్వరమాత్ర వేసి తెల్లవారువరకు వేచియుండరాదు. మాత్ర జ్వరమును దాచును, ప్రమాదమును దాచదు. ఆగని రక్తము, నీరు కూడ మ్రింగలేకుండుట, ఊపిరి ఆడకుండుట, మూత్రము మిక్కిలి తగ్గుట తక్కినవి. నాలుకపై పెరుగు మీగడ వలె తెల్లని పొర కట్టినచో అది బూజుజాతి సూక్ష్మజీవి కావచ్చును. దానికి వేరే మందు కలదు. మరునాడైనను చూపవలెను.

చివరగా మన సమితి చేయదగిన పని యొకటి మనవి చేయుదును. ముంబయిలో 1941లో వెలసిన టాటా స్మారక ఆసుపత్రికిని, ఢిల్లీ వైద్య సంస్థలకును, అడయారులో 1954లో స్థాపింపబడిన క్యాన్సరు సంస్థకును తెలుగు పల్లెలనుండి రోగులు వచ్చుచున్నారు. ఉత్తరాంధ్రలో చుట్టను నిప్పువైపు నోటిలో నుంచుకొని కాల్చు అడ్డచుట్ట అలవాటుచే అంగిలిలో రాచపుండు పుట్టిన వృద్ధ స్త్రీలు వారిలో నున్నారు. వారికి హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. మన భాషలో నొప్పికి ఎన్ని మాటలు! మంట వేరు, పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు. “సలుపుచున్నదమ్మా” అను ముసలమ్మ మాట ప్రక్కనున్న నర్సుకు తెలియనిచో ఆమె బాధ ఆమెలోనే యుండిపోవును. నోరే పుండైనవారికి పరభాషలో మాట వెదకికొను ఓపిక ఎక్కడిది?

మీలో అనేకులు ఈ నగరములో ఇరువది, ముప్పది సంవత్సరములుగా నుండి ఇచ్చటి భాషను స్వంతము చేసికొన్నవారు. వారమునకు ఒక్క సాయంకాలము ఇద్దరేసి సభ్యులు ఆసుపత్రి అధికారుల అనుమతితో వార్డుకు పోయి, తెలుగు రోగి చెప్పినది నర్సుకు, నర్సు చెప్పినది రోగికి తెలుపగలిగినచో అది గొప్ప సేవ. పోవునపుడు పండ్లరసము, మిఠాయి, ఊరగాయ తీసికొనిపోవలదు. ఒక మెత్తని బ్రష్షు, తెలుగులో వ్రాసిన ఉప్పు–తినుసోడా కొలత చీటి తీసికొనిపొండు. జలుబు, దగ్గు ఉన్ననాడు పోవలదు. ఆయాసపడి మాటలాడవలదని రోగికి చెప్పుడు. తల యూపినను చాలును.

పూచిన నోరు మానును. అది మానువరకు మనిషిని నిలబెట్టుటయే శుశ్రూష.